పంది మీదికి చిన్న గుండు పనికిరాదు తమ్మీ

ప్రశ్న: అన్నా, మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో విరూర్ దగ్గరి ఊరు. పదకొండెకరాల్లో పత్తి, సోయా, నడుమ కంది సాళ్ళు వేస్తాం. మక్క వెయ్యడం మానేసి మూడేండ్లయింది, పందులు ఒక్క కంకి దక్కనియ్యవు. మా చిన్నోడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ చిన్న గుండు రైఫిల్‌తో రెండు మూడొందల గజాల నుంచి ఒక్కొక్కదాన్నే కొట్టే వీడియోలు పంపుతున్నాడు, వాటిని వార్మింట్ రైఫిళ్ళు అంటారట. నాన్న పేరు మీద ఒంటినల్లి తుపాకి ఉండేది, ఆయన పోయాక ఠాణాలో పెట్టేశాం. ఇప్పుడు గురి తప్పని .22 రైఫిల్ ఒకటి కొందామని ఉంది. చప్పుడు కూడా తక్కువంటున్నారు. ఏది కొనమంటారు? లేకుంటే లైసెన్స్ అక్కర్లేని ఎయిర్‌గన్‌తో పని నడుస్తదా?

సమాధానం:

తమ్మీ, నీ ఉత్తరం చదివితే మా చిన్నాయన చేను కళ్ళ ముందుకొచ్చింది. ఆ సంగతి ముందు చెప్తాను, రైఫిల్ మాట తర్వాత.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. జొన్న పాలు పోసుకునే కాలం. పట్నం నుంచి వచ్చిన చుట్టపాయన ఒకరు తన .22 వెంట తెచ్చుకున్నారు. మంచి రైఫిల్, మంచి చెయ్యి. పగలు మామిడి కొమ్మకు అగ్గిపెట్టె వేలాడదీసి యాభై గజాల నుంచి వరసగా కొట్టి చూపించారు. రాత్రి మంచె మీద ఆయన, పక్కన టార్చి పట్టుకొని నేను. గుంపు దిగింది. పెద్ద మగపంది అడ్డంగా నిలబడింది, ముప్పై గజాలు కూడా లేదు. 'టప్' అని ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. పంది ఒక్క అరుపు అరిచి వాగు వైపు పారిపోయింది. గురి తప్పలేదు, తగలాల్సిన చోటే తగిలింది. పొద్దున వెతికితే నాలుగు నెత్తురు చుక్కలు, అంతే.

మూడోనాడు మా జీతగాడు ఎద్దుల్ని నీళ్ళకు తోలుకొని వాగులోకి దిగాడు. తుంగలో పడుకున్న ఆ పందే లేచి మీదికొచ్చింది. మోకాలి పైనుంచి తొడ దాకా కోర చీల్చింది. ధోవతి చింపి కట్టాం, బండిలో వేసుకొని పోయాం, బతికాడు గాని ఆ కాలు మళ్ళీ సరిగ్గా మడవలేదు. తర్వాత వారానికి పంది చచ్చి తేలింది. భుజం దగ్గర తోలు కోసి చూస్తే లోపల గుండు శనగబద్దలా చపటగా అంటుకొని ఉంది. ఎముక దాకా కూడా పోలేదు. పుండు కుళ్ళి చచ్చింది అది. ఆ రాత్రి టార్చి పట్టింది నేనే కాబట్టి ఆ కాలికి నేనూ బాధ్యుణ్ణే అనుకుంటాను ఇప్పటికీ. తర్వాత ఇన్నేళ్ళు .22తోనే గడిపాను, కాగితం మీద తప్ప ఇంకెక్కడా కాల్చలేదు.

మగపందికి మెడ నుంచి భుజాల దాకా తోలు కింద గట్టి పలక లాంటిది పెరుగుతుంది. మగవి ఒకదాన్నొకటి కోరలతో పొడుచుకున్నా లోపలికి దిగకుండా కాపాడేది అదే. .22 గుండు దాని మీద ఎంత సూటిగా పడినా లాభం లేదు. గురి వేరు, దెబ్బ వేరు. నువ్వు అడిగింది గురి గురించి. నీ చేలో కావలసింది దెబ్బ. చిన్న గుండులో అది లేదు.

ఇక మీ చిన్నోడు పంపిన వీడియోల సంగతి. అమెరికాలో వార్మింట్ అంటే ఎక్కువగా నేలలో బొరియలు తవ్వే చిన్న జంతువులు. గడ్డి భూముల్లో గ్రౌండ్‌హాగ్ ఉంటుంది, నాలుగైదు కిలోలు తూగుతుంది. ప్రెయిరీ డాగ్ అయితే కిలో చిల్లర. కొందరు కయోటీని కూడా ఇందులోనే లెక్కేస్తారు, అది మన నక్కకు అన్న లాంటిది. ప్రెయిరీ డాగ్ బొరియ పక్కన నిటారుగా నిలబడితే ఎత్తు జానెడున్నర. మైదానంలో చాటు ఉండదు, దగ్గరికి పోతే లోపలికి దూరిపోతుంది. అందుకే దూరం నుంచి, గుండు వంగకుండా, వేలెడంత చోట కొట్టే రైఫిల్ కావలసి వచ్చింది వాళ్ళకు. 1935లో .220 స్విఫ్ట్, 1950లో .222 రెమింగ్టన్, 2002లో .17 హెచ్‌ఎంఆర్, ఇట్లా ఒకదాని వెనక ఒకటి తూటాలు పుట్టింది ఆ అవసరం కోసమే. బరువైన గొట్టం, తేలికైన ట్రిగ్గరు, పెద్ద టెలిస్కోపు. ఆ గుండ్లకు పై రేకు పలచగా ఉంటుంది, తగలగానే పొడిపొడి అయిపోవాలని అట్లా చేస్తారు. కిలో జంతువు మీద అది పని చేస్తుంది. క్వింటాలు పంది మీద పైపైన పుండు చేసి ఊరుకుంటుంది.

ఇంకొక మోసం ఆ అంకెలో ఉంది. .22 అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు. అది గొట్టం లోపలి వెడల్పు, సుమారు 5.6 మిల్లీమీటర్లు, అంతే. ఇక్కడ దుకాణంలో దొరికే .22 లాంగ్ రైఫిల్ తూటా వేరు, వాళ్ళ .22-250 తూటా వేరు. మొదటిదాంట్లో 2.6 గ్రాముల సీసపు గుండు సెకనుకు 330 మీటర్ల వేగంతో పోతుంది. రెండోదాంట్లో మూడున్నర గ్రాముల గుండు 1,100 మీటర్లు దాటి పోతుంది. బలం లెక్క కడితే సుమారు పదిహేను రెట్ల తేడా. మూడొందల గజాల దెబ్బ చూసి నువ్వు ఇక్కడి .22 కొంటే, యాభై మీటర్లకు సరిచేసిన ఆ రైఫిల్ వంద మీటర్ల దగ్గరే దాదాపు జానెడు కిందికి కొడుతుంది. వాళ్ళ రకం రైఫిల్ తెప్పించుకుందామంటే, పేరున్న షూటర్లకు తప్ప మామూలు మనిషికి దిగుమతి కుదరదు.

టెక్సాస్‌లో పందుల్ని కాలుస్తారు కదా అని మీ చిన్నోడు అనవచ్చు. కాలుస్తారు, నిజమే, కాని దానికి ఎక్కువగా పెద్ద గుండు రైఫిళ్ళే వాడతారు. పైగా అక్కడి పంది ఆ నేలది కాదు, యూరప్ వాళ్ళు తెచ్చి వదిలితే పెరిగిన జాతి. 2019 నుంచి సొంత భూమిలో, యజమాని ఒప్పుకుంటే, వేట లైసెన్స్ కూడా అడగడం లేదు ఆ రాష్ట్రంలో. మన పంది ఈ అడవిదే. పులికి తిండి అది. మీ రాజురా వైపు 2020లో మనుషుల్ని చంపిన పులిని పట్టుకుపోయే దాకా ఊళ్ళు ఎట్లా బతికాయో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. టార్చి వెలుగులో మెరిసే కళ్ళు పందివే అని ఎవరు చెప్పగలరు? పక్క చేలో కావలికి పడుకున్న మనిషి బీడీ నిప్పు కూడా అట్లాగే కనబడుతుంది. .22 గుండు చిన్నదే అయినా తప్పిపోతే ఒకటిన్నర కిలోమీటర్ల దాకా పోగలదు. గట్టి నేల మీద, నీటి మీద పడితే ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. చప్పుడు తక్కువ కదా అన్నావు. చప్పుడు తక్కువైతే పక్క చేలో మనిషికి హెచ్చరిక కూడా తక్కువే.

చట్టం సంగతి చెప్తాను, ఇది భయపెట్టడానికి కాదు, నీకు పనికొచ్చే మాట ఇందులోనే ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ తీసి చూడు. పంట కాపలా కోసం మందు కూరి కాల్చే తుపాకి, అది చాలదని అధికారి ఒప్పుకుంటే ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్న నల్లి తుపాకి, అంటే గొట్టం లోపల మెలికలు లేనిది, వీటికి లైసెన్స్ ఇవ్వమంటుంది. మొదట రాసినప్పుడు అదే సెక్షన్‌లో కింద .22 రైఫిల్, ఎయిర్ రైఫిల్ మాట కూడా ఉండేది. అవి ఎవరికంటే గుర్తింపున్న రైఫిల్ క్లబ్బు సభ్యుడికి, గురి అభ్యాసం కోసం. అంటే చేను కావలికి ఏది, కాగితానికి ఏది అన్నది రాసినవాళ్ళు అప్పుడే విడదీశారు. నువ్వు పంటకని రాసి .22 అడిగితే కలెక్టరాఫీసులో ఆ అర్జీ నిలబడడం కష్టం. క్లబ్బు పేరుతో తీసుకొని చేలో వాడితే రెండు చట్టాల్లో ఇరుక్కుంటావు.

రెండోది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చంపితేనే కాదు, గాయపరిచినా, వల వేసినా, ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా, ప్రయత్నం చేసినా వేట కిందికే వస్తుంది. ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేకపోవచ్చు, దానితో కుందేల్ని కొట్టడానికి మాత్రం ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు. పంది మీద ఎయిర్‌గన్ అయితే దోమ కుట్టినట్టు.

అదే చట్టం 11వ సెక్షన్‌లో దారి కూడా ఉంది. నిలిచిన పంటను పాడు చేసే రెండో షెడ్యూల్ జంతువును చంపడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణం రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. మహారాష్ట్రలో రోహీకి (నీలుగాయికి), అడవిపందికి ఈ అనుమతి అడిగే రైతులు ఉన్నారు. అర్జీ రేంజి ఆఫీసులో పెట్టు. అనుమతి వస్తే ఆ పని నువ్వు చెయ్యకు. అలవాటున్న, లైసెన్స్ ఉన్న వేటగాడితో, ఫారెస్టోళ్ళ ఎదుట చేయించు. అట్లా చంపిన జంతువు ప్రభుత్వం సొత్తు, కూర వండుకోవడానికి లేదు. ఊళ్ళో ఈ ఒక్క మాట తెలియక కేసుల్లో పడ్డవాళ్ళను చూశాను.

మీ నాన్న తుపాకి ఇంకా ఠాణాలోనే ఉంటే దాన్ని వదులుకోకు. వారసుడిగా నీ పేరు మీద లైసెన్స్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఆలస్యం చేస్తే అది ప్రభుత్వానికి జమ అయిపోతుంది. డిపాజిట్ రసీదు, నాన్న మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం పట్టుకొని ఈ వారమే పో. అది పందిని చంపడానికి అనుమతి కాదు, ముందే చెప్తున్నాను. కాని మంచె మీద నుంచి ఆకాశంలోకి ఒక్క దెబ్బ వేస్తే సరిపోతుందనుకుంటావేమో, పండుగకు కాల్చినట్టు మనుషులకు ముప్పయ్యేలా గాలిలోకి కాల్చడం కూడా ఆయుధాల చట్టంలో నేరమే. బెదిరించడానికి తుపాకి అక్కర్లేదు. వడిసెల, డబ్బా, టపాకాయ చాలు. ఏదైనా వారం తర్వాత పందులు లెక్కచేయవు, కాబట్టి మార్చి మార్చి వాడాలి.

రైఫిల్‌కు పెట్టే డబ్బు ఝట్కా మెషిన్ మీద, అంటే కంచె తీగకు కరెంటు దెబ్బ ఇచ్చే పెట్టె మీద పెట్టు. మీ వైపు అందరికీ తెలిసిందే, కాని కట్టే తీరులోనే చాలామంది చెడగొట్టుకుంటారు. సౌర పలక, పన్నెండు వోల్టుల బ్యాటరీ, సెకనుకొకసారి చిన్న దెబ్బ వదిలే పెట్టె. ఆ దెబ్బ చంపదు, జడిపిస్తుంది. పంది ముట్టెతో తడుముకుంటూ వస్తుంది, ముట్టె ఎప్పుడూ తడిగా ఉంటుంది. అందుకే కింది తీగ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. రెండోది మూరెడు ఎత్తున. ఊళ్ళో చాలామంది మొదటి తీగనే మోకాలెత్తున కడతారు, పంది దాని కిందినుంచే దూరిపోతుంది, వీపు మీది ముళ్ళ వెంట్రుకలకు తీగ తగిలినా దానికి తెలియదు. భూమిలోకి దించే కడ్డీ తడి ఉండే చోట, మూడడుగులకు తగ్గకుండా దించు. గింజ మొలవకముందే కట్టు. ఒక్కసారి కంకి రుచి మరిగిన గుంపు దెబ్బ తిని కూడా మళ్ళీ వస్తుంది.

స్తంభం నుంచి కరెంటు లాగి తీగకు ఇచ్చే పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు. చంద్రపూర్, గడ్చిరోలి రెండు జిల్లాల్లోనూ ఆ తీగలకు పులులు పోయాయి, మనుషులూ పోయారు. తెల్లవారుజామున చెంబు పట్టుకొని వచ్చే పక్కింటి ముసలాయనకు ఆ తీగ కనబడదు. తాడోబా పులుల అడవి చుట్టుపక్కల అంచు ఊళ్ళకు జన వన వికాస పథకం కింద సౌర కంచెకు సాయం ఉంది, మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో వనరక్షక్‌ను (ఫారెస్ట్ గార్డును) అడుగు. మక్క మళ్ళీ వేసేట్టయితే చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం పెట్టు. వేరుశనగ అయితే చుట్టూ కుసుమ, ఆ ముళ్ళలోకి ముట్టె పెట్టడానికి పంది వెనకాడుతుంది. నష్టం జరిగితే మూడు రోజుల్లోగా ఫారెస్టోళ్ళకు రాసి ఇవ్వు. సాత్‌బారా (భూమి రికార్డు) నకలు, ఫోటోలు జత చెయ్యి, పంచనామా అయ్యే దాకా చేను దున్నకు. తొక్కిన పంటను ఆవేశంలో పీకేసి తర్వాత ఏడ్చేవాళ్ళు ఎక్కువ.

ఇంత చెప్పినా రైఫిల్ మీద నీ మనసు చల్లారలేదనిపిస్తోంది నాకు. ఉత్తరంలో 'గురి తప్పని' అని రాశావే, ఆ మాట దగ్గర పంది లేదు, వేరే ఆశ ఉంది. ఆ ఆశ మంచిది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, బోర్లా, నిలబడి కాల్చే రైఫిల్ పందెంలో) కాంస్యం తెచ్చింది ఈ .22 తూటాతోనే. కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి పిల్లాడు. ఆ పందెంలో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. యాభై మీటర్ల నుంచి!

కాబట్టి క్లబ్బులో చేరు, ముందు వాళ్ళ రైఫిల్ మీదే ఆరు నెలలు కాల్చు. సొంతది కొనే రోజు వస్తే బోల్ట్ యాక్షన్, అంటే ఒక్కో దెబ్బకూ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించేది, తప్ప వేరేది చూడకు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .22 నేర్చుకోవడానికి సరిపోతుంది, పోటీలకు క్లబ్బుల్లో జర్మనీ అన్షుట్జ్, వాల్తర్ రైఫిళ్ళు కనబడతాయి. పాతది కొంటే చెక్క మెరుపు చూసి మోసపోకు. గొట్టం మూతి దగ్గర, గుండు చివరిగా వదిలే అంచును గోటితో తడిమి చూడు. అక్కడ సూదిమొనంత సొట్ట ఉన్నా గుండు పక్కకు తోస్తుంది. బోల్టు తీసి, వెనకనుంచి వెలుతురుకు పట్టి చూడు. లోపలి మెలికలు వాడిగా, ఒకే తీరుగా కనబడాలి, తుప్పు గుంటలు ఉండకూడదు. కర్రకు ఇనుము బిగించిన మరలు వదులైతే ఎంత ఖరీదు రైఫిలైనా గుండ్లు చెదరగొడుతుంది. ట్రిగ్గరు గాజు పుల్ల విరిగినట్టు ఒక్కసారి తెగాలి, ఇసుకలో ఈడ్చినట్టు రాకూడదు. తూటా కూర్చునే గది ఖాళీగా ఉన్నప్పుడు ఉత్తగా ట్రిగ్గరు నొక్కి చూడొద్దు, .22 లో సూది వెళ్ళి ఆ గది అంచుకే కొట్టి గుంట చేస్తుంది. కాల్చేసిన ఖాళీ తూటా పెట్టి నొక్కు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తూటాలో ఉంటుంది. ఒకే కంపెనీ తూటాలే అయినా ఒక లాటు ఒక రైఫిల్‌కు పడుతుంది, ఇంకోటి పడదు. మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా తెచ్చుకో, కర్ర ముందు భాగం ఇసుక సంచి మీద ఆనించి, గాలి లేని పొద్దుట యాభై మీటర్లలో ఒక్కో రకంతో ఐదేసి గుండ్లు, ఐదేసి కాగితాలు కాల్చు. ఒకటి రెండు కాగితాలు చూసి మురిసిపోకు, ఐదూ పరిచి చూడు. ఏ రకంలో ఐదు కాగితాల మీదా గుండ్లన్నీ అర్ధరూపాయి బిళ్ళ కింద దాగితే ఆ డబ్బా మీది లాటు నంబరు రాసుకొని అదే తెచ్చుకో. చెప్పిన వరస మార్చకుండా కాల్చి, ఆ కాగితాలు నాకు పంపు. మరలు బిగించాలా, తూటా మార్చాలా, నీ ఊపిరి సరిచేసుకోవాలా అన్నది అవి చూసి చెప్తాను.